బకెట్ అడుగు నుంచి ఆకాశాన్ని చూసిన రాబర్ట్ వుడ్

1928 ఫిబ్రవరి 28న కలకత్తా బౌబజార్ వీధిలోని ప్రయోగశాలలో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ ఏం చూశారో మన దేశంలో బడి పిల్లలకు కూడా తెలుసు. ద్రవంలో చెదిరిన కాంతిలో కొంత భాగం రంగు మారుతోంది. ఏటా ఆ తేదీన జాతీయ విజ్ఞాన దినం జరుపుకుంటున్నాం. పాఠ్యపుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. ఆ తర్వాతి నెలల్లో జరిగింది మాత్రం పెద్దగా చెప్పుకోం. అప్పటికి కలకత్తా భౌతికశాస్త్ర ప్రపంచానికి కేంద్రం కాదు. వాడిన పరికరాలు కొద్ది వందల రూపాయలవి. దాదాపు అదే సమయంలో మాస్కోలో లాండ్స్‌బర్గ్, మాండెల్‌స్టామ్ స్ఫటికాల్లో ఇదే విషయాన్ని గమనించారు. యూరప్‌లో అనుమానించిన వారూ లేకపోలేదు.

అలాంటి సమయంలో అమెరికాలోని బాల్టిమోర్ నుంచి లండన్‌లోని నేచర్ పత్రికకు ఒక కేబుల్ వెళ్లింది. రామన్ చెప్పినదాన్ని ప్రతి అంశంలోనూ తాను సరిచూశాననీ, క్వాంటమ్ సిద్ధాంతానికి దొరికిన బలమైన రుజువుల్లో ఇదొకటనీ దాని సారాంశం. ఆ కేబుల్ పంపిన మనిషి రాబర్ట్ విలియమ్స్ వుడ్. మరొకరెవరైనా ఇదే మాట చెప్పి ఉంటే అంత బరువు ఉండేది కాదు. ఎందుకంటే అప్పటికి పాతికేళ్లుగా వుడ్ పేరు చెబితే శాస్త్రజ్ఞులకు గుర్తొచ్చేది వేరు. ఇతరులు చూశామన్నది నిజంగా ఉందో లేదో తేల్చి, లేకపోతే మొహమాటం లేకుండా లేదని చెప్పే మనిషి ఆయన.

ఇదే వుడ్‌కు మనకు తెలియకుండానే మన ఇళ్లలోకి వచ్చిన మరో ఘనత ఉంది. తలుపుకు బిగించే చిన్న గాజు కన్ను, సీసీ కెమెరా, పెళ్లి మండపం మొత్తాన్ని గుండ్రంగా చుట్టేసి చూపే ఫొటో, వీటన్నిటి వెనకా ఉన్న ఫిష్-ఐ అనే మాటకు మూలం ఆయన 1906లో రాసిన ఒక వ్యాసం. దానికి ఆయన వాడింది ఒక బకెట్ నీళ్లు.

వుడ్ 1868 మే 2న మసాచుసెట్స్ రాష్ట్రంలోని కాంకర్డ్‌లో పుట్టారు. తండ్రి డాక్టరు. హవాయి దీవుల్లో వైద్యం చేసి, చెరకు తోటల వ్యాపారం కూడా నడిపి తిరిగొచ్చిన మనిషి. కుటుంబం బోస్టన్ పక్కనే జమైకా ప్లెయిన్‌లో స్థిరపడింది. అక్కడ పొరుగున ఉన్న స్టర్టెవెంట్ అనే ఆయనకు పెద్ద బ్లోయర్ల ఫ్యాక్టరీ ఉండేది. పిల్లవాడి ఆసక్తి చూసి ఆయన ఫ్యాక్టరీలో ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఏ యంత్రాన్నైనా ముట్టుకోవచ్చు అని వదిలేశారు. వుడ్ అసలు చదువు అక్కడే జరిగిందని చెప్పాలి. హార్వర్డ్‌లో ఆయన గొప్ప విద్యార్థి ఏమీ కాదు. 1891లో రసాయనశాస్త్రంలో పట్టా తీసుకుని బయటపడ్డారు. మరుసటి ఏడాది గెర్‌ట్రూడ్ ఏమ్స్‌ను పెళ్లి చేసుకున్నారు. బెర్లిన్ వెళ్లి హైన్రిక్ రూబెన్స్ దగ్గర పనిచేస్తున్నప్పుడు రసాయనశాస్త్రం వదిలి భౌతికశాస్త్రంలోకి మారిపోయారు.

బెర్లిన్‌లో ఉండగానే కెమెరాతో ఆయన చేసిన మొదటి చెప్పుకోదగ్గ పని ఒకటుంది. రెక్కలు కట్టుకుని కొండల మీంచి గాలిలో తేలుతున్న ఒట్టో లిలియెంతాల్‌ను 1896 ఆగస్టులో కలిశారు. ఆయన ఎగురుతుంటే ఫొటోలు తీశారు, తాను కూడా ఆ గ్లైడర్ తగిలించుకుని ప్రయత్నించారు. మరి కొద్ది రోజులకే లిలియెంతాల్ అలాంటి ఒక ఎగురుడులోనే కింద పడి చనిపోయారు. రైట్ సోదరులు విమానం గురించి పట్టుదలగా ఆలోచించడం మొదలుపెట్టింది ఆ మరణవార్త తర్వాతే. వుడ్ తీసిన చిత్రాలు ఆ మనిషి ఆఖరి రోజుల సాక్ష్యంగా మిగిలాయి.

అమెరికా తిరిగొచ్చి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కొన్నాళ్లు పాఠాలు చెప్పారు. చలికి గడ్డకట్టుకుపోయిన నీళ్ల గొట్టాల్లోకి విద్యుత్తు పంపి మంచు కరిగించిన ఉదంతం అప్పటిదే. శబ్ద తరంగాలను ఫొటో తీసి, అవి అద్దాల మీద పడి ఎలా వెనక్కి మళ్లుతాయో విద్యార్థులకు బొమ్మల వరుసలా చూపిందీ అప్పుడే. 1901లో హెన్రీ రోలాండ్ చనిపోవడంతో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆ స్థానానికి వుడ్‌ను పిలిచారు. ఆ తర్వాత ఆయన ఇంకెక్కడికీ వెళ్లలేదు.

జేబులోకి వెళ్లిన పట్టకం

బాల్టిమోర్ వచ్చిన మూడేళ్లకే ఆయన పేరు యూరప్ అంతా మోగింది. కారణం ఫ్రాన్సులోని నాన్సీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రెనే బ్లాండ్లో 1903లో ప్రకటించిన ఎన్-కిరణాలు. ఎక్స్-కిరణాలు బయటపడి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు, కొత్త కిరణాలంటే ఎవరికీ ఆశ్చర్యం లేదు. బ్లాండ్లో మోసగాడు కాదు, అప్పటికే మంచి పేరున్న పరిశోధకుడు. ఎన్-కిరణం తగిలితే చీకటి గదిలో ఒక చిన్న నిప్పురవ్వ, లేదా మసకగా మెరిసే తెర, మరి కాస్త వెలుగుతుందని ఆయన అన్నారు. ఆ మరి కాస్తను కొలిచింది ఏ పరికరమూ కాదు, మనిషి కన్ను. ఫ్రాన్సులో పదుల సంఖ్యలో శాస్త్రజ్ఞులు తామూ చూశామన్నారు. వ్యాసాలు వందల్లో వచ్చాయి. ఫ్రాన్సు బయట మాత్రం చాలామందికి ఏమీ కనబడలేదు. కనబడని వాళ్లలో వుడ్ గురువు రూబెన్స్ కూడా ఉన్నారు.

1904 సెప్టెంబరులో వుడ్ నాన్సీ వెళ్లారు. ఎన్-కిరణాలను అల్యూమినియం పట్టకంతో విడదీసి, వాటి తరంగదైర్ఘ్యాలను చాలా సూక్ష్మంగా కొలుస్తున్నామని అక్కడ చూపించారు. గది చీకటిగా ఉంది. వుడ్ చెయ్యి చాచి పట్టకాన్ని తీసేశారు. కొలతలు మాత్రం ఆగలేదు, ముందు వచ్చిన చోటే మళ్లీ వచ్చాయి. ఉక్కు ఆకురాయిని కంటి దగ్గర పెట్టుకుంటే మసక వెలుతురులో గడియారం ముళ్లు స్పష్టంగా కనిపిస్తాయన్నది ఇంకో ప్రయోగం. వుడ్ గుట్టుగా ఉక్కు బదులు చెక్క ముక్క పెట్టారు. అయినా స్పష్టంగానే కనిపించాయి. సెప్టెంబరు 29న నేచర్‌లో ఆయన ఉత్తరం అచ్చయింది. అందులో బ్లాండ్లో పేరు లేదు. ఫ్రాన్సు బయట ఎన్-కిరణాల కథ దాదాపు ఆ రోజుతోనే ముగిసింది.

ఇంటికి పిలిచి ప్రయోగం చూపిస్తున్న వాడి ముందే చీకట్లో వస్తువు తీసేయడం మర్యాదేనా అన్న ప్రశ్న అప్పటి నుంచీ ఉంది. నా మట్టుకు అది న్యాయమైన ప్రశ్నే. బ్లాండ్లోకు ముందే చెప్పి, ఏది ఎప్పుడు తీశారో తెలియకుండా పరీక్ష పెట్టి ఉంటే ఫలితం అదే వచ్చేది, ఆ పెద్దమనిషి పరువూ కొంత మిగిలేది. కానీ వుడ్ నిలబెట్టిన విషయం మాత్రం కాదనలేనిది. చూసేవాడు తాను చూడాలనుకున్నదాన్ని తెలియకుండానే దృశ్యంలో కలిపేస్తాడు. కాబట్టి దృశ్యాన్ని నమ్మే ముందు చూపు ఏం కలుపుతోందో, ఏం తీసేస్తోందో తేల్చుకోవాలి. రెండేళ్ల తర్వాత ఆయన బకెట్ ముందు కూర్చున్నది ఇదే ప్రశ్నతో. ఈసారి పరీక్షకు నిలబెట్టింది చేపను.

చేపకు మనం ఎలా కనిపిస్తాం

చెరువు గట్టున గాలం వేసే ఎవరినడిగినా చెబుతారు, చేప నీళ్ల కింద ఉన్నా గట్టు మీద మనిషి కదిలితే కనిపెడుతుందని. కారణం వక్రీభవనం. గాలిలోంచి నీళ్లలోకి దిగే కాంతి లోపలికి వంగుతుంది. క్షితిజం అంచు నుంచి నీటిని దాదాపు రాసుకుంటూ వచ్చే కిరణం కూడా నీళ్లలో నిట్టనిలువు రేఖకు సుమారు 48.6 డిగ్రీల కోణంలోనే దిగుతుంది. అంటే నీళ్లలోంచి పైకి చూసే కంటికి, బయట 180 డిగ్రీల మేర పరుచుకున్న లోకమంతా సుమారు 97 డిగ్రీల గుండ్రటి కిటికీలో ఇమిడిపోతుంది. ఆ కిటికీకి బయట ఉపరితలం అద్దంలా మారి చెరువు అడుగునే చూపిస్తుంది. నడినెత్తిన ఉన్న ఆకాశం మధ్యలో విశాలంగా, గట్టు, చెట్లు, మనుషులు అంచు చుట్టూ నొక్కినట్టు సన్నగా కనిపిస్తాయి.

ఇదంతా లెక్కగా అప్పటికే తెలుసు. వుడ్ చేసింది దాన్ని ఫొటో తీయడం. బకెట్ అడుగున ఫొటోగ్రఫీ ప్లేటు పెట్టారు. సుమారు సగం ఎత్తులో చిన్న లెన్సు, దానికి సూదిబెజ్జం లాంటి రంధ్రం. నీళ్లు నింపి, అలలు బొమ్మను చెడగొట్టకుండా పైన గాజు పలక కప్పారు. అడుగు నుంచి తీసిన ఆ బొమ్మలో ఆకాశం మొత్తం ఒక పళ్లెంలా వచ్చింది. బకెట్‌తో చిక్కేమిటంటే అది పైకి తప్ప ఇంకెటూ చూడదు. అందుకని రెండో కెమెరా చేశారు. నీళ్లు నింపిన తొట్టి, పక్కన సూదిబెజ్జం, లోపల ప్లేటు. లెన్సే లేదు. దాన్ని ఎటు కావాలంటే అటు తిప్పి ఎదురుగా ఉన్న అర్ధగోళాన్ని పట్టుకోవచ్చు. ఈ వివరాలతో ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో వచ్చిన వ్యాసం శీర్షికలోనే ఫిష్-ఐ అన్న మాట ఉంది. తర్వాత తన ప్రసిద్ధ పాఠ్యగ్రంథం ఫిజికల్ ఆప్టిక్స్‌లోనూ దీన్ని చేర్చారు.

ఇక్కడ ఒక చిన్న సవరణ చెప్పుకోవాలి. నిజానికి చేపకు లోకం ఇలా కనిపించదు. చేప కంటిలో దాని సొంత గోళాకార కటకం ఉంది, వెనక మెదడు ఉంది. వుడ్ ఫొటో తీసింది చేప చూపును కాదు, నీటి ఉపరితలం చేసే పనిని. పేరు మాత్రం చేపదే నిలిచిపోయింది.

ఫిష్-ఐ బొమ్మ చూడగానే మనం గీతలు వంకరపోయాయి అంటాం. మామూలు లెన్సుది సరైన బొమ్మ, దీనిది తప్పు బొమ్మ అని మన లెక్క. లెక్క వేసి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. తిన్నని గీతలను తిన్నగా చూపే లెన్సు, దృశ్యం అంచుకు వెళ్లే కొద్దీ వస్తువులను సాగదీస్తుంది. 8 మిల్లీమీటర్ల లెన్సుతో 170 డిగ్రీలను అలా తిన్నగా చూపాలంటే 18 సెంటీమీటర్ల వెడల్పు ఫిల్ము కావాలి. 180 డిగ్రీలకు ఎంత ఫిల్మయినా చాలదు, లెక్క అనంతానికి పోతుంది. అదే ఫిష్-ఐ పద్ధతిలో ఆ 180 డిగ్రీలూ 25 మిల్లీమీటర్ల వృత్తంలో ఒదిగిపోతాయి. భూగోళాన్ని కాగితం మీద పరిచే పటాల లాంటిదే ఇది. ఏదో ఒకటి వదులుకోక తప్పదు. మామూలు లెన్సు వెడల్పును వదులుకుని గీతలను కాపాడుతుంది. ఫిష్-ఐ గీతలను వదులుకుని ఆకాశాన్ని కాపాడుతుంది.

పాదరసపు అద్దం, కనిపించని కాంతి

వేసవుల్లో వుడ్ లాంగ్ ఐలాండ్‌లోని ఈస్ట్ హాంప్టన్‌లో ఉండేవారు. అక్కడ పొలం మధ్య ఒక పాత కొట్టాన్ని ప్రయోగశాలగా మార్చుకున్నారు. 40 అడుగుల పొడవున్న స్పెక్ట్రోగ్రాఫ్ గొట్టంలో సాలెగూళ్లు పేరుకుంటే ఇంటి పిల్లిని ఒక చివర దూర్చి, రెండో చివర వెలుతురు చూపించి పరుగెత్తించారన్న కథ భౌతికశాస్త్ర తరగతుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పిల్లి బయటికి వచ్చేసరికి గొట్టం శుభ్రం.

ఆ కొట్టం కింద తవ్విన గోతిలోనే 1908–09 ప్రాంతంలో పాదరసంతో దూరదర్శిని కట్టారు. గుండ్రటి పళ్లెంలో పాదరసం పోసి ఒకే వేగంతో తిప్పితే దాని ఉపరితలం దానంతట అదే పారాబోలాగా మారుతుంది. గాజును నెలల తరబడి అరగదీయకుండానే దూరదర్శిని అద్దం తయారు. ఆలోచన అంతకు ముందే ఉంది, పనిచేసే స్థాయికి తెచ్చి నక్షత్రాలను చూసిన వాళ్లలో వుడ్ ముందువారు. ఆయన పళ్లెం వ్యాసం సుమారు 51 సెంటీమీటర్లు. బకెట్‌లో ఎదురైన శత్రువే ఇక్కడా ఎదురైంది, అదే అల. మోటారు కాస్త కదిలినా, వేగం రవ్వంత మారినా పాదరసం మీద అలలు లేచి నక్షత్రం చెదిరిపోయేది. ఇక్కడ పైన గాజు కప్పడం లాంటి తేలిక ఉపాయం కుదరలేదు. పైగా ఈ అద్దాన్ని వంచలేం, పాదరసం ఒలికిపోతుంది. బకెట్ లాగే ఇదీ నిట్టనిలువుగా పైకే చూస్తుంది. వుడ్ దాన్ని పక్కన పెట్టేశారు.

ఆ ఆలోచన మన దగ్గరికి రావడానికి వందేళ్లకు పైగా పట్టింది. ఉత్తరాఖండ్‌లో నైనిటాల్ దగ్గర దేవస్థల్ కొండ మీద, ఏరీస్ సంస్థ ఆవరణలో, 4 మీటర్ల పాదరసపు అద్దంతో అంతర్జాతీయ ద్రవ దర్పణ దూరదర్శిని 2022లో తొలిసారి ఆకాశాన్ని చూసింది. భారత్‌తో పాటు బెల్జియం, కెనడా తదితర దేశాలు కలిసి కట్టినది. గాలి కుదుపు తగలకుండా పాదరసం మీద పలచని పారదర్శక పొర పరుస్తారు. బకెట్ మీది గాజు పలకను గుర్తుచేసుకోవచ్చు.

కంటికి కనిపించని కాంతి వైపు వుడ్ వెళ్లింది కూడా పై ప్రశ్నతోనే. మన కన్ను దేన్ని తీసేస్తోంది? నికెల్ ఆక్సైడ్ కలిపిన ముదురు గాజుతో కనిపించే కాంతిని ఆపి, అతినీలలోహితాన్ని మాత్రమే పంపే వడపోత తయారుచేశారు. దానితో ఫొటో తీస్తే జింకు కలిపిన తెల్ల రంగు నల్లగా వచ్చింది. చంద్రుడి మీద అరిస్టార్కస్ బిలం పక్కన, మామూలు ఫొటోల్లో కనిపించని ఒక నల్లటి మచ్చ తేలింది. ఇటు పరారుణ కాంతిలో తీస్తే ఆకాశం నల్లబడి, చెట్ల ఆకులు మంచు కురిసినట్టు తెల్లగా వచ్చాయి. 1910లో ఆయన ప్రచురించిన ఈ బొమ్మలు అప్పట్లో వింతగా అనిపించాయి. పచ్చటి ఆకు పరారుణాన్ని బలంగా వెనక్కి కొడుతుందన్న ఆ సత్యం మీదే ఇప్పుడు ఉపగ్రహాలు పంట ఎంత ఏపుగా ఉందో లెక్కగడుతున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఇచ్చే పంటల, అడవుల పటాల్లో ఈ సూత్రం రోజూ పనిచేస్తూనే ఉంటుంది. ఆయన గాజుతో చేసిన దీపం 1925 తర్వాత చర్మ వైద్యుల చేతికి వచ్చింది. తామర, బొల్లి లాంటివి చూడటానికి డాక్టర్లు ఇప్పటికీ వాడే ఊదారంగు లైటు పేరు వుడ్స్ ల్యాంప్.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం కనిపించని కాంతితో సంకేతాలు పంపే పని చేశారు. 1920ల్లో ఆల్ఫ్రెడ్ లూమిస్ అనే సంపన్నుడితో కలిసి, చెవికి వినపడని తీవ్ర శబ్ద తరంగాలను నీళ్లలోకి పంపి వాటి ప్రభావం చూశారు. ఆ తొట్టెల్లో చిన్న చేపలు, కప్పలు చచ్చిపోయాయి. చేప చూపును తెలుసుకోవాలనుకున్న మనిషి కథలో ఇదీ ఒక భాగమే.

ఈయన చిలిపితనం గురించి వేరే పుస్తకమే రాయొచ్చు. విలియం సీబ్రూక్ 1941లో రాశారు కూడా. వానాకాలం నీటి గుంటలో ఉమ్మేసినట్టు నటించి, చాటుగా సోడియం ముక్క వేసి మంటలు లేపేవారట. బోర్డింగ్ హౌస్‌లో రాత్రి కంచాల్లో మిగిలిన మాంసమే పొద్దున్న కూరగా వస్తోందన్న అనుమానంతో, తన కంచంలోని ముక్క మీద లిథియం లవణం చల్లి, మర్నాటి కూరను మంటలో పెట్టి లిథియం ఎరుపును చూపించారన్నది మరో కథ. ఎంత నిజమో గానీ, పద్ధతి మాత్రం వుడ్‌దే. 1907లో పిల్లల కోసం పక్షులనూ పువ్వులనూ ఎలా గుర్తుపట్టాలో చెబుతున్నట్టు నటించే ఒక తమాషా పద్యాల పుస్తకం రాసి, బొమ్మలు కూడా తానే వేశారు. పోలికలు కంటిని ఎలా మోసం చేస్తాయన్నదే అందులోనూ సరదా.

బాల్టిమోర్ నుంచి వాల్తేరు దాకా

1928లో రామన్ ప్రకటన చూసి వుడ్ వెంటనే ప్రయోగానికి దిగడంలో వింత లేదు. సోడియం, అయోడిన్ ఆవిరుల మీద కాంతి పడితే ఏం తిరిగొస్తుందన్నది ఆయన పాతికేళ్లుగా పనిచేస్తున్న రంగమే. ఒక రకంగా ఈ ఆవిష్కరణ ఆయన పెరట్లోనే జరగాల్సింది. దాన్ని కలకత్తాలో ఇద్దరు భారతీయులు చేశారు. అసూయపడటానికి, సందేహించడానికి, కనీసం మౌనంగా ఉండటానికి ఆయనకు కావలసినన్ని కారణాలున్నాయి. ఎన్-కిరణాల దగ్గర చేసినట్టే ఇక్కడా ఆయన స్వయంగా చూశారు. అక్కడ పట్టకం తీసేసినా మిగిలిపోయిన గీతలు ఎవరి ఊహో తేలింది. ఇక్కడ గీతలు ఫొటో ప్లేటు మీద పడ్డాయి, ఎవరు తీసినా అక్కడే పడ్డాయి. ఉన్నదాన్ని ఉందని కేబుల్ ఇచ్చారు.

అంతటితో ఆగలేదు. ఆ ప్రయోగాన్ని తేలిక చేసే పరికరాలు రూపొందించారు. చెదిరిన కాంతి చాలా బలహీనం, గొట్టం గోడల నుంచి వచ్చే అనవసర వెలుగు దాన్ని మింగేస్తుంది. వుడ్ గొట్టం చివరను కొమ్ములా సాగదీసి వంచి, నల్లరంగు పూశారు. దారితప్పిన వెలుగు అందులోకి వెళ్లి మాయమైపోతుంది. తర్వాతి సంవత్సరాల్లో ఎన్నో దేశాల ప్రయోగశాలల్లో రామన్ గొట్టాలు ఆ ఆకారంలోనే ఉండేవి. 1930లో రామన్‌కు నోబెల్ వచ్చింది. వుడ్ పేరు ఆ బహుమతికి పలుమార్లు ప్రతిపాదనకు వచ్చినా ఆయనకు ఎన్నడూ రాలేదు.

ఈ కథలో తెలుగు నేలకూ కొంత చోటుంది. రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది, తండ్రి అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో పాఠాలు చెప్పేవారు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం 1928లోనే కలకత్తా వెళ్లి రామన్ బృందంలో చేరారు, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ పనిని కొనసాగించారు. కాంతి పరిక్షేపణ, రామన్ ఫలితం మీద ఆయన రాసిన గ్రంథాన్ని 1940లో వాల్తేరు నుంచి ఆ విశ్వవిద్యాలయమే ప్రచురించింది.

వుడ్ 1938లో ఉద్యోగ విరమణ చేశారు. ఆ ఏడాదే రాయల్ సొసైటీ రమ్‌ఫర్డ్ పతకం ఇచ్చింది. పని మాత్రం మానలేదు. 1955 ఆగస్టు 11న లాంగ్ ఐలాండ్‌లోని అమిటీవిల్‌లో చనిపోయేనాటికి ఆయనకు 87 ఏళ్లు.

బకెట్ జేబులోకి వచ్చిన తీరు

ఆయన బతికుండగానే ఇతరులు బకెట్‌ను చిన్నది చేయడం మొదలుపెట్టారు. 1922లో డబ్ల్యు.ఎన్. బాండ్ నీళ్ల బదులు అర్ధగోళాకారపు గాజు సరిపోతుందని చూపారు. 1924లో కేంబ్రిడ్జ్‌కు చెందిన రాబిన్ హిల్ మబ్బులను ఫొటో తీయడానికి అసలైన ఆకాశ లెన్సు రూపొందించారు. లండన్‌లోని బెక్ కంపెనీ దాన్ని తయారుచేసి అమ్మింది. కిరణజన్య సంయోగక్రియ పాఠంలో హిల్ చర్య అని చదువుకుంటామే, ఆ హిల్ ఈయనే. 1959లో వృక్షశాస్త్రజ్ఞులు అదే కెమెరాను అడవిలో నేల మీద పెట్టి, కొమ్మల మధ్య నుంచి ఎంత వెలుతురు కిందికి దిగుతుందో కొలిచారు.

వుడ్ పోయిన ఏడేళ్లకు, 1962లో, నికాన్ తన మామూలు 35 మి.మీ. కెమెరాకు తగిలించుకునే 8 మి.మీ., ఎఫ్ 8 ఫిష్-ఐ తెచ్చింది. దాని వెనక భాగం కెమెరా లోపలికి ఎంతగా చొచ్చుకెళ్తుందంటే, లోపలి అద్దాన్ని పైకి లేపి బిగించేస్తే గానీ పట్టదు. అద్దం లేస్తే వ్యూఫైండర్‌లో ఏమీ కనబడదు, దానికి వేరే వ్యూఫైండర్. అదే కాలంలో అసాహి పెంటాక్స్ ఫిష్-ఐ టకుమార్ 18 మి.మీ., ఎఫ్ 11 వచ్చింది. బిస్కెట్టంత పలచన, జేబులో పడేసుకోవచ్చు. అంత చిన్నగా ఉండటానికి కారణం ఎఫ్ 11. తక్కువ వెలుతురుతో సరిపెట్టుకుంటే గాజు తక్కువ చాలు. వుడ్ సూదిబెజ్జంతో కుదుర్చుకున్న బేరమే ఇది.

ఫిల్ము రోజుల్లో ఇలాంటి లెన్సు మంచి ఎండలో తప్ప పనికొచ్చేది కాదు. ఇప్పుడు డిజిటల్ సెన్సర్‌కు ఐఎస్ఓ 1600 పెద్ద లెక్క కాదు. అద్దం లేని కెమెరాలకు ఎం42 మర అడాప్టర్ తేలిగ్గా దొరుకుతుంది. దాంతో మూలనపడ్డ ఈ పాత లెన్సులు మళ్లీ బయటికి వస్తున్నాయి. 18 మి.మీ. దగ్గర ఎఫ్ 11 అంటే సుమారు అర మీటరు నుంచి ఆకాశం దాకా అంతా స్పష్టంగానే వస్తుంది, ఫోకస్ గొడవే లేదు. చిన్న సెన్సర్ ఉన్న కెమెరాకు తగిలిస్తే మాత్రం అంచులు తెగిపోయి ఫిష్-ఐ లక్షణం సగం పోతుంది. కొనేవాళ్లు ఫుల్‌ఫ్రేమ్ బాడీ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

వాడేటప్పుడు బకెట్ బొమ్మను మనసులో పెట్టుకుంటే చాలు. కేంద్రం గుండా వెళ్లే గీత ఎటు పోయినా తిన్నగానే ఉంటుంది. సముద్రపు క్షితిజాన్ని సరిగ్గా మధ్యలో పెడితే వంగదు, కాస్త పైకో కిందికో జరిపితే విల్లవుతుంది. మనుషులను అంచున నిలబెట్టకండి, గట్టు మీది మనుషుల్లా నలిగిపోతారు. దగ్గరికి వెళ్లండి. రెండడుగుల దూరం కూడా ఈ లెన్సుకు ఎక్కువే. గుడి గోపురం మధ్యలో, బావి లోపల, మర్రిచెట్టు కింద నిట్టనిలువుగా పైకి ఎత్తితే ఇది చేసే పని వేరే ఏ లెన్సూ చేయలేదు. సూర్యుడు, మీ పాదాలు, మీ నీడ ఫ్రేములోకి వస్తూనే ఉంటాయి, చూసుకోవాలి. పాత లెన్సుల పూత బలహీనం కాబట్టి సూర్యుడు ఎక్కడో ఒక మూల ఉన్నా బొమ్మ మీద తెల్లటి మసక దిగుతుంది. చేత్తో నీడ పట్టే వీలు కూడా లేదు, చెయ్యే బొమ్మలో పడుతుంది. పాత లెన్సు కొనేముందు టార్చి వేసి లోపల బూజు దారాలున్నాయేమో చూడాలి. విశాఖ, చెన్నై, కోల్‌కతా లాంటి తేమ ఊళ్లలో ఈ బూజు త్వరగా పడుతుంది. సిలికా జెల్ ఉన్న గాలి చొరని డబ్బాలో దాచుకోవడం తప్పదు.

ఆకాశమంతా ఒకే బొమ్మలో పట్టే పని ఇప్పుడు మనుషులు లేకుండానే జరుగుతోంది. లద్దాఖ్‌లోని హాన్లే వేధశాలలో ఆల్-స్కై కెమెరాలు రాత్రంతా నిట్టనిలువుగా పైకి చూస్తూ ఉంటాయి. 2024 మే 10 రాత్రి బలమైన సౌర తుఫాను భూమిని తాకినప్పుడు, మన అక్షాంశాల్లో అరుదుగా కనిపించే ఎర్రటి అరోరా కాంతి ఆ గుండ్రటి ఫ్రేముల్లో పడింది. అంచున, హిమాలయాల మీదుగా, క్షితిజానికి కాస్త పైన.